దిగుమతి లైసెన్సు కోరడం కన్నా మేలైన దారి

ప్రశ్న: మాది యంత్రాల విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్ల సంఘం. కొన్నేళ్లుగా విదేశాల నుంచి వస్తున్న చవక సరుకు ముందు నిలబడలేకపోతున్నాము. లైసెన్సులు ఎత్తివేసి, సుంకాలు తగ్గించినందువల్లనే మాకీ గతి పట్టిందనీ, కనీసం మా సరుకు వరకైనా దిగుమతి లైసెన్సు విధానాన్ని మళ్లీ పెట్టమని ప్రభుత్వాన్ని కోరాలనీ సంఘంలో చాలామంది పట్టుబడుతున్నారు. విజ్ఞాపన పత్రం రాసే బాధ్యత నాకు అప్పగించారు. అర్థశాస్త్రం చదువుతున్న మా అబ్బాయి మాత్రం లైసెన్సులు ఏ దేశాన్నయినా వెనక్కి లాగుతాయనీ, సరళీకరణ అందరికీ మేలు చేస్తుందనీ వాదిస్తున్నాడు. కళ్లముందు మూతపడిన షెడ్లను చూస్తుంటే ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు. ఏది నిజం? పత్రంలో ఏమని రాయమంటారు?

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. విదేశీ పోటీ వల్ల మీకు జరుగుతున్న నష్టం నిజమైనదేనా అన్నది ఒకటి. ఆ నష్టానికి లైసెన్సు తగిన మందేనా అన్నది రెండవది. మొదటిదానికి అవుననీ, రెండవదానికి కాదనీ నా సమాధానం. మీ అబ్బాయి రెండవ ప్రశ్నకు సరైన సమాధానమే చెబుతున్నాడు గానీ, మొదటి ప్రశ్న అసలు లేనట్టే మాట్లాడుతున్నాడు. పత్రంలో లైసెన్సు అడగవద్దు. గడువు విధించుకొన్న సుంకాన్ని అడగండి. దానికన్నా ముందు మీరు కొనే ముడిసరుకు మీద ఉన్న భారాన్ని తగ్గించమని అడగండి. ఈ సలహా ఎందుకు ఇస్తున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ సంఘంలో పట్టుబడుతున్నవారిని మీరు ఒప్పించవలసి ఉంటుంది.

మీరు తయారుచేసే విడిభాగం ప్రపంచ మార్కెట్టులో 100కు దొరుకుతున్నదనీ, మీ యూనిట్లు నిలదొక్కుకోవాలంటే దేశంలో దాని ధర 140 ఉండాలనీ అనుకొందాము. ప్రభుత్వం 40 శాతం సుంకం వేస్తే దిగుమతైన ప్రతి విడిభాగం మీద 40 ఖజానాకు చేరుతుంది. సుంకం వేయకుండా, ఏడాదికి వెయ్యి విడిభాగాలకు మించి రాకూడదని లైసెన్సులిచ్చి, ఆ కొరత వల్ల ధర అదే 140కి పెరిగిందనుకోండి. మీకు దక్కే రక్షణ రెండు పద్ధతుల్లోనూ ఒకటే. కానీ రెండవ పద్ధతిలో 100కు కొని 140కి అమ్మగలిగే హక్కు లైసెన్సు కాగితం చేతిలో ఉన్నవాడిది. వెయ్యి విడిభాగాల మీద నలభై వేలు ఖజానాకు చేరకుండా ఆ కాగితం వెంట పోతుంది. ఆ మనిషి మరమీద చేయి వేయలేదు, ఒక కార్మికుడికి పని కల్పించలేదు. మీ రక్షణ కోసం కొనుగోలుదారులు చెల్లించే అదనపు ధరలో ఇంత పెద్ద వాటా మీకు ఏ సంబంధమూ లేనివారికి అందుతుంది.

నష్టం అక్కడితో ఆగినా కొంత ఊరటగానే ఉండేది. కాగితానికి అంత విలువ ఉన్నప్పుడు దానికోసం జనం పరుగులు తీస్తారు. కార్యాలయాల చుట్టూ తిరిగే మనుషులను నియమించుకొంటారు, సిఫారసులు తెచ్చుకొంటారు, లంచాలు ఇస్తారు. ఈ పరుగులో ఖర్చయ్యే కాలమూ, తెలివీ, డబ్బూ దేశానికి ఏమీ ఉత్పత్తి చేసి పెట్టవు. ఆన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త 1974లో ప్రచురించిన వ్యాసంలో ఈ పరుగుకు లెక్క కట్టారు. భారతదేశంలో 1964 నాటికి ఇలా లైసెన్సుల వంటి నియంత్రణల వల్ల పుట్టిన అయాచిత లాభాల విలువ జాతీయాదాయంలో 7.3 శాతం ఉండవచ్చనీ, టర్కీలో 1968లో ఒక్క దిగుమతి లైసెన్సుల విలువే జాతీయోత్పత్తిలో దాదాపు 15 శాతం ఉండవచ్చనీ ఆమె అంచనా. అంకెలు కొంత అటూ ఇటూ ఉన్నా, ఒక పేద దేశం తన సంపాదనలో అంత భాగాన్ని కాగితాల వేటలో పెట్టగలదా అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది.

లైసెన్సులను ఎవరికి ఎంత పంచాలన్న ప్రశ్న వచ్చేసరికి చిన్న యూనిట్ల కష్టం మొదలవుతుంది. పంచడానికి అధికారికి ఏదో ఒక కొలబద్ద కావాలి. గత సంవత్సరాల దిగుమతుల ఆధారంగా పంచితే పాతవారికే మళ్లీ మళ్లీ దక్కుతుంది, కొత్తవాడికి తలుపు తెరుచుకోదు. స్థాపిత సామర్థ్యం ఆధారంగా పంచితే, ఉన్న యంత్రాలే సగం ఖాళీగా నిలిచి ఉన్నా ఇంకో యంత్రం కొనిపెట్టుకొన్నవాడికి ఎక్కువ వాటా వస్తుంది. జగదీశ్ భగవతి, పద్మా దేశాయి భారతదేశపు లైసెన్సు పద్ధతి మీద 1970లో వెలువరించిన అధ్యయనంలో ఎత్తిచూపిన లోపాలలో ఇదొకటి. పెద్ద సంస్థకు దరఖాస్తులు నడిపించడానికి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంటుంది. పది మంది పనిచేసే యూనిట్‌లో యజమానే ఇంజనీరు, యజమానే గుమాస్తా. కార్యాలయం మెట్ల మీద ఆయన గడిపిన ప్రతి రోజూ షెడ్డులో ఒక రోజు పని తగ్గినట్టే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న కర్మాగారం తరఫున అటువంటి దరఖాస్తును సిద్ధం చేయడంలో నేనూ ఒక చేయి వేశాను. వారి గ్రైండింగ్ యంత్రానికి ఒక ప్రత్యేకమైన బేరింగు కావలసి వచ్చింది. దానికి అవసర ధ్రువపత్రం ఒకటి, దేశంలో అది తయారు కావడం లేదన్న ధ్రువపత్రం ఇంకొకటి, గత సంవత్సరాల వినియోగం మీద ఆడిటర్ సంతకం చేసిన పట్టిక వేరొకటి కావాలి. దేశంలో ఒక తయారీదారు "ఆ కొలతలో మేము చేసివ్వగలము" అని ఉత్తరం రాయడంతో ఫైలు ఆగిపోయింది. ఆ కొలతలో అంతకుముందు వారు ఒక్కటైనా చేసిచ్చిన దాఖలా లేదు, ఎంత నాణ్యతతో, ఎంత ధరకు, ఎన్నాళ్లలో ఇస్తారన్న వివరమూ ఉత్తరంలో లేదు. "చేయగలము" అన్న మాట ఒక్కటే నిబంధనకు సరిపోయింది. యంత్రం మీద టార్పాలిన్ కప్పి ఉంచారు. బేరింగు చేతికి వచ్చేసరికి, ఏ ఆర్డరు కోసం దాన్ని తెప్పించారో ఆ ఆర్డరు చేజారిపోయింది. ఆ టార్పాలిన్ మీద పేరుకొన్న దుమ్ము నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ సంఘం సభ్యులు లైసెన్సును తలుచుకొన్నప్పుడు పోటీదారుడి సరుకు రేవులో ఆగిపోయిన దృశ్యాన్నే ఊహిస్తున్నారు; మీ సొంత బేరింగు కూడా అదే రేవులో ఆగుతుందన్న సంగతిని వారికి గుర్తుచేయండి.

లైసెన్సుకూ సుంకానికీ ఇంకొక తేడా ఉంది. ఇది మీ సరుకు కొనేవారికి సంబంధించినది. సుంకం ఉన్నప్పుడు దేశీయ తయారీదారు ధరను ప్రపంచ ధరకు సుంకం కలిపిన మొత్తం దాకానే పెంచగలడు. అది దాటితే కొనేవాడు దిగుమతికి మళ్లుతాడు. లైసెన్సు ఉన్నప్పుడు ఆ పరిమితి ఉండదు. నిర్ణయించిన వెయ్యి వచ్చేశాక వెయ్యిన్నొకటవ విడిభాగం ఎంత ధర ఇస్తామన్నా రాదు కాబట్టి, తయారీదారులు ఒకరిద్దరే ఉంటే ఎంత అడిగితే అంతే. మీ సంఘంలో యూనిట్లు చాలా ఉండవచ్చు, మీరు అలా చేయకపోవచ్చు. కానీ ఇదే హక్కును మీకు ఉక్కు అమ్మే పెద్ద సంస్థలు సంపాదించుకొంటే మీ గతి ఏమిటో ఆలోచించండి. అసలు విషయం ఇక్కడ ఉంది కాబట్టి దీన్ని కొంచెం నెమ్మదిగా చూద్దాము.

మీరు ఒక విడిభాగాన్ని 100కు అమ్ముతున్నారు. దానిలో ఉక్కు, బేరింగులు, ఇతర కొనుగోళ్లు కలిపి 60 ఉన్నాయి. మిగిలిన 40 మీ షెడ్డులో పుట్టిన అదనపు విలువ. జీతాలు, వడ్డీ, అద్దె, మీ లాభం అన్నీ అందులోనుంచే రావాలి. ప్రభుత్వం మీ విడిభాగం మీద 10 శాతం, మీ ముడిసరుకు మీద 20 శాతం సుంకం వేసిందనుకొందాము. మీరు ఇప్పుడు 110కి అమ్మవచ్చు, కానీ ముడిసరుకుకు 72 చెల్లించాలి. చేతిలో మిగిలేది 38. కాగితం మీద మీకు 10 శాతం రక్షణ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఏ సుంకమూ లేని రోజు కన్నా మీరు రెండు తక్కువే సంపాదిస్తున్నారు. అదే ముడిసరుకు మీద సుంకం పూర్తిగా తీసివేసి, మీ విడిభాగం మీద ఆ 10 శాతాన్నే ఉంచితే మిగిలేది 50. అంటే మీ అదనపు విలువకు 25 శాతం రక్షణ దొరికినట్టు. మీ సుంకంలో ఒక్క శాతం కూడా పెరగలేదు. మ్యాక్స్ కార్డెన్, బేలా బలాసా వంటి ఆర్థికవేత్తలు 1960లలో ఈ లెక్కను శాస్త్రీయంగా తీర్చిదిద్దారు. అర్థశాస్త్రంలో దీన్ని వాస్తవ రక్షణ రేటు అంటారు. మీ అబ్బాయికి ఇది తెలిసే ఉంటుంది. మీ సంఘంలోని అయిదారు యూనిట్ల కొనుగోలు బిల్లులు ముందు పెట్టుకొని ఈ లెక్కను ఆయన చేత వేయించండి.

ఇప్పుడు ఈ లెక్కలోకి లైసెన్సును తెచ్చి చూడండి. మీరు విజ్ఞాపన ఇచ్చి విడిభాగాల మీద లైసెన్సు సాధించిన మరుసటి నెలలోనే మిశ్రమ ఉక్కు తయారీదారులు అదే తలుపు తడతారు. వారి వాదన మీ వాదనే: విదేశీ సరుకు చవక, మా కొలుములు ఆరిపోతున్నాయి. వారు పెద్దవారు, వారి మాట మీ మాట కన్నా పైదాకా వినిపిస్తుంది. ఒకరికి ఇచ్చిన లైసెన్సును మరొకరికి ఇవ్వబోమనడానికి ప్రభుత్వానికి కారణం దొరకదు. అభివృద్ధి చెందుతున్న దేశాలలో నియంత్రణలు ఇలాగే ఒకదాని వెంట ఒకటి అల్లుకొంటూ వచ్చాయి. చాలా చోట్ల ఆరంభంలో అవి విదేశీ మారకద్రవ్యపు కొరతను గట్టెక్కడానికి పెట్టిన తాత్కాలిక ఏర్పాట్లే.

ముడిసరుకు మీద అడ్డంకులు తొలగితే ఏమవుతుందో చెప్పడానికి మంచి ఆధారాలు ఉన్నాయి. ఇండోనేషియాలో 1991 నుంచి 2001 దాకా కర్మాగారాల లెక్కలను పరిశీలించిన మేరీ అమిటి, యోజెఫ్ కోనింగ్స్, ముడిసరుకుల మీద సుంకం 10 శాతం పాయింట్లు (ఉదాహరణకు 30 శాతం నుంచి 20 శాతానికి) తగ్గినప్పుడు వాటిని దిగుమతి చేసుకొనే కర్మాగారాల ఉత్పాదకత దాదాపు 12 శాతం పెరిగిందని తేల్చారు. తయారైన సరుకు మీద సుంకం తగ్గించడం వల్ల పోటీ పెరిగి కలిగిన మేలు కన్నా ఇది చాలా ఎక్కువ. భారతదేశంలో 1991 తరువాత సంస్థలు మార్కెట్టులోకి తెచ్చిన కొత్త ఉత్పత్తులలో సగటున 31 శాతానికి ముడిసరుకుల సుంకాలు తగ్గడమే కారణమని పినెలోపి గోల్డ్‌బర్గ్, అమిత్ ఖండేల్వాల్, నీనా పావ్‌క్నిక్, పేటియా టొపలోవా 2010లో చూపించారు. అంతకు ముందు దొరకని రకాల ఉక్కు, రసాయనాలు, భాగాలు దొరకడంతో అంతకు ముందు చేయలేని సరుకు చేయగలిగారు. సరళీకరణ అనగానే విదేశీ సరుకు వచ్చి దుకాణాలు నింపడమే మన కంటికి కనబడుతుంది గానీ, ఆ తలుపులోనుంచే మన కర్మాగారాలకు కావలసిన సామగ్రి కూడా వస్తుంది.

ఎగుమతుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దిగుమతులను లైసెన్సులతో అణచినప్పుడు విదేశీ మారకద్రవ్యానికి గిరాకీ తగ్గుతుంది, దేశీయ నాణెం ఉండవలసిన దానికన్నా ఖరీదుగా నిలుస్తుంది. దానితో ఎగుమతిదారుడికి తన విదేశీ సంపాదన మీద స్వదేశంలో తక్కువ డబ్బు చేతికొస్తుంది. దిగుమతి మీద వేసిన పన్ను చివరికి ఎగుమతి మీద పన్నుగా మారుతుందని అబ్బా లెర్నర్ అనే ఆర్థికవేత్త 1936లోనే నిరూపించాడు. ఘనా ఇందుకు బాధాకరమైన ఉదాహరణ. అక్కడ 1980ల ఆరంభంలో అధికారిక రేటు డాలరుకు 2.75 సెడీల (ఘనా నాణెం) దగ్గర బిగించి ఉండగా, చాటుమాటు మార్కెట్టులో డాలరు అంతకు ఎన్నో రెట్లు పలికేది. లైసెన్సు దొరికినవాడు అధికారిక రేటున సరుకు తెచ్చి కొరత ధరకు అమ్ముకొనేవాడు. కోకో పండించే రైతుకు మాత్రం అధికారిక రేటు లెక్కనే అందేది. 1983లో సంస్కరణలు మొదలై, 1986 జనవరి నాటికి రేటు 90 సెడీలకు చేరింది. ఆ దశకం ముగిసేలోగా లైసెన్సులను దశలవారీగా ఎత్తివేశారు.

నియంత్రణ ఎంత వింత దారులు తొక్కగలదో అర్జెంటీనా చూపింది. 2012 ఫిబ్రవరి నుంచి ప్రతి దిగుమతికీ ముందస్తు అనుమతి అవసరమయింది. అనుమతి కావాలంటే దిగుమతి విలువకు సమానంగా ఏదో ఒకటి ఎగుమతి చేసి చూపించమని అధికారులు కోరేవారు. దానితో కార్లు దిగుమతి చేసుకొనే సంస్థలు వైన్, బియ్యం వంటి వాటిని ఎగుమతి చేయడానికి ఒప్పందాలు కుదుర్చుకోవలసి వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఆ పద్ధతి నిబంధనలకు విరుద్ధమని తీర్పు ఇచ్చింది, 2015 చివరలో దాన్ని రద్దు చేశారు. భారతదేశంలో 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు వెలువడింది, ఒక్క రోజులోనే అమలు వాయిదా పడింది, అక్టోబరులో దాని స్థానంలో ఆన్‌లైన్ అనుమతి పద్ధతి వచ్చింది. కాగితం మీద పెద్ద నష్టం కనబడకపోయినా, రేపు ఏ నియమం ఉంటుందో తెలియనివాడు ఈ రోజు పెట్టుబడి పెట్టడు.

ఇంతవరకు మీ అబ్బాయి పక్షాన మాట్లాడినట్టుంది. ఇక ఆయన వినవలసిన మాటలు.

సరళీకరణ దేశానికి మొత్తం మీద లాభం తెచ్చినా, ఆ లాభం నష్టపోయినవారి ఇంటికి దానంతట అది నడిచిరాదు. సుంకాలు తగ్గితే మూతపడిన కర్మాగారంలోని కార్మికుడు పెరుగుతున్న మరో పరిశ్రమకు తరలిపోతాడని పాఠాలలో ఉంటుంది. ఆ కార్మికుడికి ఇల్లుంది, అప్పుంది, పిల్లల బడి ఉంది. చేతిలో ఉన్న నైపుణ్యం ఆ ఒక్క పనికే పనికొస్తుంది. భారతదేశపు జిల్లాలను పోల్చిచూసిన టొపలోవా అధ్యయనం ప్రకారం, సుంకాల కోత ఎక్కువగా తగిలిన గ్రామీణ జిల్లాలలో మిగిలినచోట్ల కన్నా పేదరికం నెమ్మదిగా తగ్గింది, ఎందుకంటే జనం ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి, ఒక పని నుంచి మరో పనికి చాలా తక్కువగా కదిలారు. బ్రెజిల్ ఉదాహరణ మరీ గట్టిది. అక్కడ 1990ల మొదట్లో సుంకాలు తగ్గించారు. దెబ్బ తగిలిన ప్రాంతాలు కొన్నేళ్లలో కోలుకొంటాయని ఎవరైనా అనుకొంటారు. రాఫెల్ డిక్స్-కార్నేరో, బ్రయన్ కోవాక్ 2017లో చూపించినదాని ప్రకారం, ఆ ప్రాంతాలలో వేతనాల మీద పడిన దెబ్బ ఇరవై ఏళ్లకు, పదేళ్ల నాటి కన్నా మూడు రెట్లయింది. మూతపడిన షెడ్లను చూసి మీరు పడుతున్న బాధ భ్రమ కాదని చెప్పడానికి ఇంతకన్నా ఆధారం అక్కరలేదు.

తలుపు ఎంత వేగంగా, ఏ పరిస్థితిలో తెరిచారన్నదానిమీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. హైతీ 1995లో బియ్యం మీద సుంకాన్ని 3 శాతానికి తగ్గించింది. అమెరికాలో సబ్సిడీ పొంది పండిన బియ్యం ముందు అక్కడి రైతులు నిలవలేకపోయారు. ఆ విధానాన్ని ప్రోత్సహించిన బిల్ క్లింటన్ 2010లో అమెరికా సెనేట్ కమిటీ ముందు అది పొరపాటని ఒప్పుకొన్నాడు. రైతులు కోల్పోయిన శక్తి ఆ ఒప్పుకోలుతో తిరిగి రాలేదు. చిలీలో కథ వేరు. 1979 నాటికి దాదాపు అన్ని సరుకుల మీదా ఒకే 10 శాతం సుంకం ఉండేలా తెచ్చారు. అదే ఏడాది నాణెం విలువను డాలరుకు 39 పెసోల దగ్గర బిగించారు. దేశంలో ధరలు పెరుగుతూ ఉంటే మారకపు రేటు మాత్రం కదలలేదు, కాబట్టి విదేశీ సరుకు రోజురోజుకూ చవకయింది. 1982లో సంక్షోభం ముంచుకొచ్చింది. 1984లో సుంకాన్ని తాత్కాలికంగా 35 శాతానికి పెంచి, తరువాత అంచెలంచెలుగా తగ్గించారు. అప్పుడు కూడా లైసెన్సుల వైపు వెళ్లకపోవడం గమనించదగ్గది. మారకపు రేటు తప్పుగా ఉన్నప్పుడు సుంకాలను మాత్రమే తగ్గించడం స్వదేశీ తయారీదారుడి కాళ్లు కట్టి పరుగుపందెంలో దించడమే. మీ సరుకు ఖరీదుగా కనబడటానికి మీ అసమర్థత ఎంత కారణమో, నాణెం విలువ ఎంత కారణమో విడదీసి చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

తలుపు నెమ్మదిగా, ఒక వరుసలో తెరిచిన దేశాలూ ఉన్నాయి. దక్షిణ కొరియా ఎగుమతిదారులకు ముడిసరుకును సుంకం లేకుండా అందిస్తూనే స్వదేశీ మార్కెట్టును చాలాకాలం కాపాడుకొంది. 1967లో దిగుమతుల జాబితా పద్ధతిని తలకిందులు చేసి, జాబితాలో ఉన్నవి తప్ప మిగిలినవన్నీ తెచ్చుకోవచ్చన్నది. ఆపైన 1980లలో ఏ సరుకు ఎప్పుడు విముక్తమవుతుందో ముందుగానే ప్రకటించి, పరిశ్రమలకు సర్దుకొనే సమయమిచ్చింది. మారిషస్ 1970లో ఎగుమతి మండలాల చట్టం తెచ్చి, ఎగుమతి చేసే సంస్థలకు తలుపులు తెరిచింది, మిగతా పరిశ్రమల రక్షణను వెంటనే తొలగించలేదు. భారతదేశం 1991లో విదేశీ మారక నిల్వలు రెండు వారాల దిగుమతులకు కూడా చాలీచాలని స్థితిలో రూపాయి విలువను జులై 1న, 3న తగ్గించి, యంత్రాలు, ముడిసరుకుల మీద లైసెన్సులను చాలావరకు త్వరగానే ఎత్తివేసింది. వినియోగ వస్తువుల మీద ఆంక్షలు మాత్రం చివరి 715 వస్తువులతో సహా తొలగడానికి 2001 ఏప్రిల్ 1 దాకా పట్టింది. ముందు ముడిసరుకు, తరువాత తయారైన సరుకు అన్న ఈ వరుస తయారీదారుకు ఊపిరి పీల్చుకొనే వ్యవధినిస్తుంది. మీరు అడగవలసింది ఆ వ్యవధిని.

ఇప్పుడు పత్రం సంగతి. లైసెన్సును ప్రభుత్వం ఇష్టప్రకారం పెట్టలేదన్నది సభ్యులకు మొదట చెప్పండి. సుంకాలు, వాణిజ్యం మీద దేశాలు కుదుర్చుకొన్న గాట్ అనే అంతర్జాతీయ ఒప్పందపు పదకొండవ అధికరణం, ఇంతకు మించి సరుకు రాకూడదనే పరిమాణ ఆంక్షలను నిషేధించింది. విదేశీ చెల్లింపుల ఇబ్బందిలో ఉన్న పేద దేశాలకు పద్దెనిమిదవ అధికరణంలో మినహాయింపు ఉంది గానీ, ఆ ఇబ్బంది ఉందని రుజువు చేయాలి. భారతదేశం ఆ మినహాయింపును ఆధారం చేసుకొని ప్రపంచ వాణిజ్య సంస్థలో వాదించి 1999లో ఓడిపోయింది. సుంకం విషయంలో అలా కాదు. ప్రతి దేశమూ ఒక్కొక్క సరుకు మీద ఇంతకు మించి వేయనని ప్రపంచ వాణిజ్య సంస్థలో మాట ఇచ్చిన పరిమితి ఒకటి ఉంటుంది; చాలా అభివృద్ధి చెందుతున్న దేశాలలో అసలు వసూలు చేస్తున్న సుంకం ఆ పరిమితికి బాగా కిందనే ఉంది. ఆ మధ్య ఉన్న ఖాళీలో పెంచడానికి ప్రభుత్వం ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. మీ విడిభాగానికి ఆ పరిమితి ఎంత, ఇప్పుడు వేస్తున్నది ఎంత అన్నది తెలుసుకొని ఆ రెండు అంకెలతోనే పత్రాన్ని మొదలుపెట్టండి.

దిగుమతులు ఒక్కసారిగా ఉప్పెనలా పెరిగి మీకు తీవ్ర నష్టం కలిగించాయని చూపగలిగితే రక్షణ సుంకం అడగవచ్చు. అది మొదట నాలుగేళ్లకు మించదు, పొడిగింపులతో కలిపి అభివృద్ధి చెందుతున్న దేశాలకు పదేళ్ల దాకా వెళ్లవచ్చు, ఏడాది దాటితే క్రమంగా తగ్గించుకొంటూ రావాలి. విదేశీ సంస్థ తన దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు ఇక్కడ అమ్ముతోందని రుజువుంటే డంపింగ్ వ్యతిరేక సుంకం ఉంది. దానిని అయిదేళ్లకోసారి సమీక్షించాలి. రెండింటికీ గట్టి లెక్కలు కావాలి, చిన్న యూనిట్ల సంఘాలు చాలాసార్లు ఓడిపోయేది అక్కడే. దిగుమతుల వివరాలు సకాలంలో తెలియడం లేదన్నది మీ ఇబ్బంది అయితే, స్వయంచాలక లైసెన్సు అనే పద్ధతిని అడగవచ్చు. అది ఎవరినీ ఆపదు. దరఖాస్తు చేసిన ప్రతివాడికీ పది పనిరోజులలోగా ఇవ్వాలి. సరుకు ఎక్కడినుంచి, ఎంత, ఏ ధరకు వస్తున్నదో మాత్రం ముందుగా తెలుస్తుంది. లైసెన్సు అన్న మాటను వదలలేని సభ్యులకు ఈ రూపంలో అది కొంత తృప్తినివ్వవచ్చు.

సుంకానికి గడువును మీరే పత్రంలో రాయండి. అయిదేళ్లు అడుగుతున్నామనీ, రెండవ ఏడాది చివర నుంచి ఏటా ఇంత చొప్పున తగ్గించవచ్చనీ, ఆలోపు ఫలానా యంత్రాలు మార్చుకొంటామనీ, ఫలానా నాణ్యతా ప్రమాణాన్ని అందుకొంటామనీ స్పష్టంగా చెప్పండి. సభ్యులలో కొందరు ఇది చేజేతులా కట్టేసుకోవడం అంటారు. కానీ శైశవ పరిశ్రమకు, అంటే ఇంకా నిలదొక్కుకోని కొత్త పరిశ్రమకు, రక్షణ కావాలన్న వాదన ఎప్పుడు దెబ్బతిన్నదంటే, ఆ శిశువు ముప్పై ఏళ్లు వచ్చినా ఉయ్యాల దిగనప్పుడే. గడువు లేని కోరికను చూసిన అధికారికి ముందు గుర్తుకొచ్చేది ఆ అనుభవమే. దానితోపాటు పనిపోయిన కార్మికులకు శిక్షణ, మారుతున్న యూనిట్లకు తక్కువ వడ్డీ అప్పు అడగండి. బ్రెజిల్ అనుభవాన్ని ఉదాహరణగా చూపి, ఈ ఖర్చును ఆ సుంకం వల్ల వచ్చే రాబడి నుంచే భరించవచ్చని రాయండి. లైసెన్సు ద్వారా ఖజానాకు పైసా రాదు. ఈ ఒక్క కారణం చాలామంది సభ్యుల మనసు మార్చగలదని నా నమ్మకం.

పత్రానికి జత చేయవలసిన పట్టికలో మూడు వరుసలు చాలు: గత అయిదేళ్లలో మీ విడిభాగం అమ్మకపు ధర, అదే కాలంలో దిగుమతి సరుకు ధర, మీరు కొన్న ఉక్కు, బేరింగుల ధర వాటి మీద చెల్లించిన సుంకంతో సహా. మూడవ వరుస నింపుతున్నప్పుడు మీ అసలు పోటీదారు విదేశంలో ఉన్నాడో, మీ ముడిసరుకు బిల్లులో ఉన్నాడో బయటపడుతుంది. ముడిసరుకు బిల్లులోనే ఉన్నట్టు తేలితే, విజ్ఞాపన మొదటి పేరాను ఆ సుంకం తగ్గించమనే కోరికతోనే ప్రారంభించండి. మీ సొంత సరుకు మీద సుంకం పెంచమన్నది రెండవ పేరాలోకి వెళ్లాలి. పట్టిక సిద్ధమయ్యాక నాకు ఒక ప్రతి పంపితే, పత్రం చిత్తు చూసి పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు.